కొల్లేటి నీటికి ఎంత బిట్‌రేటు

పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే గదిని మా వైపు మిక్సింగ్ సెంటర్ అనేవారు. వీడియోగ్రాఫర్లందరికీ సొంత కంప్యూటర్లు లేని రోజులవి. భీమడోలు, దెందులూరు, కైకలూరు, ఆకివీడుల నుంచి మినీ డీవీ క్యాసెట్లు సంచీలో వేసుకుని ఏలూరు బస్సెక్కి వచ్చి, మా బల్ల మీద పెట్టి, "ఎల్లుండికల్లా కావాలండి, పెళ్లికూతురి నాన్నగారు ఊరుకోవట్లేదు" అని చెప్పి వెళ్లిపోయేవారు. 2004 ప్రాంతంలో పవర్‌పేట స్టేషనుకి దగ్గర్లో ఓ మేడ మీది గదిలో నేను ఈ పని నేర్చుకున్నాను. రెండు కంప్యూటర్లు, ఒక కానోపస్ కార్డు, దానితో నడిచే ఎడియస్ సాఫ్ట్‌వేర్. కానోపస్ జపాన్‌లో కోబె నగరపు కంపెనీ. మా మాఘమాసాలు, శ్రావణమాసాలు అన్నీ ఆ కార్డు మీదే గడిచాయి.

ఎడియస్‌లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. బొమ్మ సైజెంత, సెకనుకి ఎన్ని ఫ్రేములు, ఏ ఫీల్డు ముందు, శబ్దం ఎంత అని అడుగుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు చదవకుండానే ఓకే నొక్కేస్తారు. మా గురువుగారు అక్కడ ఆపి మౌస్ మీంచి చెయ్యి తీయించేవారు. "ఏరా, ఇది ఎవరు చూస్తారు? ఎక్కడ చూస్తారు? దేని మీద చూస్తారు? చెప్పి అప్పుడు నొక్కు" అనేవారు. ఆ తరవాత సాఫ్ట్‌వేర్లు మారాయి, కెమెరాలు మారాయి, నేను ఊళ్లు మారాను. ప్రాజెక్టు తెరిచిన ప్రతిసారీ ఆ మూడు ప్రశ్నలూ ఇప్పటికీ అదే వరసలో అడుగుతాను. అవి తేలితే సెట్టింగుల్లో ముప్పాతిక వంతు వాటంతట అవే తేలిపోతాయి.

ఆ రోజుల్లో జవాబు చాలావరకు ఒక్కటే. చూసేది ఓ కుటుంబం, ఏ కొల్లేటి లంక గ్రామంలోనో, వీపు పొడుగ్గా ఉన్న గాజు టీవీలో. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పటి నుంచీ మన దేశానిది పాల్ పద్ధతి. బొమ్మకి 576 గీతలు, సెకనుకి 25 బొమ్మలు. అయితే ఆ టీవీ ఒక బొమ్మని ఒకేసారి గీయదు. గీత విడిచి గీత 288 గీసి, మళ్లీ పైనుంచి మొదలుపెట్టి వదిలేసిన 288 గీస్తుంది. అలా సెకనుకి 50 సగం బొమ్మలు. ఆ సగాన్నే ఫీల్డు అంటారు. కెమెరా కూడా అలాగే తీస్తుంది కాబట్టి రెండు సగాలకీ మధ్య సెకనులో యాభయ్యో వంతు కాలం గడిచి ఉంటుంది. మినీ డీవీ కెమెరా కింది ఫీల్డుని ముందు రాస్తుంది. ప్రాజెక్టులో పై ఫీల్డు ముందు అని పెడితే తరవాత జరిగింది ముందూ, ముందు జరిగింది తరవాతా కనపడతాయి. కదలని బొమ్మలో ఏమీ తెలియదు. పెళ్లికొడుకు కారు దిగి నడిచొస్తుంటే మాత్రం మనిషి ముందుకీ వెనక్కీ వణుకుతూ వస్తాడు.

ఈ వణుకు కంప్యూటర్ మానిటర్‌లో దొరకదు. అది రెండు సగాలనీ కలిపి ఒక్కసారే చూపిస్తుంది. కదిలేవాటి అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి గానీ ఏ సగం ముందో, ఏది వెనకో చెప్పలేం. అందుకే గురువుగారు బల్ల చివర ఒక మామూలు టీవీ పెట్టించారు. కార్డులోంచి ఎస్-వీడియో తీగ దానికి వెళ్లేది. ఏ పెళ్లయినా సరే, సన్నాయి మేళం వాళ్లు అడ్డంగా నడిచి వెళ్లే ముక్క ఒకటి వెతికి ముందు ఆ టీవీలో చూడాలి. డోలు కొట్టే చెయ్యి నున్నగా కదిలితే పని మొదలు. గంటన్నర పెళ్లి మొత్తం రెండరై డీవీడీ ఎక్కాక, అది కైకలూరు చేరాక, అక్కడ టీవీలో పెళ్లివారంతా వణికితే ఎవరూ ఫీల్డు ఆర్డర్ అనుకోరు. "మా అమ్మాయి పెళ్లి పాడు చేశారు" అంటారు. అందులో అబద్ధం ఏముంది?

అయితే డీవీడీ ప్లేయర్లు లంకల్లోకి ఇంకా సరిగా రాలేదు. ఎక్కువమంది అడిగింది వీసీడీయే. అందులో మన చేతిలో ఉండేది బహు తక్కువ. అడ్డం 352, నిలువు 288, బొమ్మకి సెకనుకి 1150 కిలోబిట్లు. క్యాసెట్టులో 720 అడ్డం, 576 నిలువు ఉన్న బొమ్మ నాలుగో వంతుకి దిగుతుంది. క్యాసెట్టు మీద సెకనుకి 25 మెగాబిట్లు ఉన్నది ఇరవయ్యో వంతులో ఇమడాలి. రెండు ఫీల్డుల్లో ఒకటి అక్కడే రాలిపోతుంది.

దాని ఫలితం తలంబ్రాల దగ్గర చూడాలి. వీడియోని కుదించి రాసే ఎన్‌కోడర్ ఒక బొమ్మని పూర్తిగా రాసుకుని, ఆ పైన మారినదాన్ని మాత్రమే రాసుకుంటూ పోతుంది. పంతులుగారు మంత్రం చెబుతూ కూర్చున్నంతసేపూ మారేవి పెదవులే కనక ఆ కాసిని బిట్లూ సరిపోతాయి. జీలకర్ర బెల్లం దాకా బొమ్మ ముచ్చటగా ఉంటుంది. తలంబ్రాలు మొదలయ్యాయో, పసుపు బియ్యం గింజలు ఫ్రేముకో చోట. పోయిన ఫ్రేములో ఉన్నది ఈ ఫ్రేములో లేదు. ఎన్‌కోడర్ దగ్గర బిట్లు అయిపోతాయి. గింజలన్నీ కలిసి పసుప్పచ్చ గళ్లవుతాయి, వాటి వెనక పెళ్లికూతురి మొహం గళ్లు పడుతుంది, పట్టుచీర జరీ అంచు చెదిరిపోతుంది. పెళ్లి మొత్తం మీద ఆ పిల్ల తల వంచుకోకుండా, పళ్లు కనిపించేలా నవ్వేది ఆ రెండు నిమిషాలే.

గురువుగారు ఆ రెండు నిమిషాల్లో ప్రతి బిట్టూ పొదుపు చేయించేవారు. తలంబ్రాల మీద ఎగిరే గులాబీలు, హృదయం ఆకారంలో చట్రాలు వేయించాలని వీడియోగ్రాఫర్లకి మహా సరదా. ఆయన ససేమిరా ఒప్పుకునేవారు కాదు. గ్రాఫిక్ పువ్వు కూడా బిట్లు తింటుంది, అవి బియ్యం గింజల దగ్గర్నుంచే లాక్కుంటుంది. కెమెరా ఊగకుండా తీసిన షాటు ఉంటే అదే వాడాలి. చీకట్లో తీసిన వెనక భాగంలో చుక్కచుక్కగా రొద ఉంటే దాన్ని కాస్త మెత్తబరచాలి, ఎందుకంటే ఎన్‌కోడర్ ఆ చుక్కల్ని కూడా కదలిక అనుకుని బిట్లు ఖర్చు పెడుతుంది. ఇదంతా చేశాక తలంబ్రాలు నున్నగా వచ్చేవని చెప్పను. మొహం నిలిచేది. మాకు కావలసింది అదే.

శబ్దం సంగతీ అంతే. చాలా డీవీ కెమెరాలు తయారయ్యేటప్పుడే 12 బిట్, 32 కిలోహెర్ట్జ్ మీద పెట్టి వచ్చేవి. సీడీలోంచి తీసిన సినిమా పాట 44.1. మా ప్రాజెక్టు 48. మూడూ కలిపితే సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది గానీ సన్నాయి పైస్థాయిలో గీసినట్టు వినపడేది. వీడియోగ్రాఫర్ గడప దాటే ముందే కెమెరాలో 16 బిట్ పెట్టించి పంపేవాళ్లం.

డీవీడీ వచ్చాక మాకు చెయ్యి కాస్త ఆడింది. డిస్కులో 4.7 జీబీ. గంట వీడియో అయితే సెకనుకి 8 మెగాబిట్లు హాయిగా ఇవ్వచ్చు. మూడు గంటలు కుక్కితే బొమ్మకీ శబ్దానికీ కలిపి మూడున్నర దాటదు. బేరం ఇక్కడే వచ్చేది. "ఒకే డిస్కులో ఇచ్చెయ్యండి బాబూ, రెండో డిస్కు ఎవరు మారుస్తారు" అనేవారు. అలాంటప్పుడు రెండు పాసుల వేరియబుల్ బిట్‌రేటు పెట్టేవాళ్లం. మొదటి పాసులో ఎన్‌కోడర్ వీడియో మొత్తం చూసి ఎక్కడ కదలిక ఎక్కువో గుర్తు పెట్టుకుంటుంది. రెండో పాసులో మంత్రాల దగ్గర మిగిల్చినది తలంబ్రాలకీ, ఊరేగింపులో బాణాసంచాకీ పెడుతుంది. ఒక్క పాసుకి రెండింతల సమయం. రాత్రి పెట్టి వెళితే పొద్దునకి అయ్యేది, కరెంటు ఉంటే. ఏప్రిల్ నెలలో కరెంటు పోగానే ఇంటికెళ్లి పడుకున్నవాళ్లం కూడా లేచి వచ్చేవాళ్లం.

ఒక బాధ అప్పట్లోనే ఉండేది, ఇప్పుడు ఇంకా పెరిగింది. గంట డీవీ ఎక్కిస్తే 13 జీబీ. మా హార్డ్‌డిస్కు 80 జీబీ. పెళ్లి డిస్కు ఎక్కగానే కంప్యూటర్లోంచి చెరిపెయ్యాలి. క్యాసెట్టేమో వీడియోగ్రాఫర్ది. అతను దాన్నే పై వారం పెళ్లికి మళ్లీ వాడతాడు. క్యాసెట్లు విడిగా కొనుక్కున్న కుటుంబాలు ఏ కొద్దో. అంటే మేం రెండర్‌లో ఏ అంకె పెట్టామో అదే ఆ పెళ్లికి చివరి రూపం. క్యాసెట్టులో ఉన్న 25 మెగాబిట్ల పెళ్లి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. గురువుగారు ఆ మాట పైకి అనేవారు కాదు గానీ, బిట్‌రేటు గడిలో అంకె వేసేటప్పుడు ఆయన మొహంలో అది కనపడేది.

2006 ఎండాకాలంలో కొల్లేటి సరస్సులో చేపల చెరువులు కొట్టేశారు. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో కొల్లేటిని ఐదో కాంటూరు అనే ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఆ హద్దుల లోపల చెరువుల గట్లు మాత్రం లేస్తూనే పోయాయి. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు ఉప్పుటేరు వైపు పోయే దారి లేక ఏలూరు రోడ్ల మీదికి ఎగదన్నిన ఏళ్లు నేనూ చూశాను. సరస్సుకి ఊపిరి కావాలన్న మాట నిజం. ఆ చెరువులో వాటా తప్ప మరో ఆధారం లేని ఇళ్లు లంకల్లో ఉన్నాయన్నదీ అంతే నిజం. ఆ వేసవిలో రెండు నిజాలూ ఒకే గట్టు మీద నిలబడ్డాయి.

ఒక లంక గ్రామం వాళ్లు చందాలు వేసుకుని మాకు తెలిసిన వీడియోగ్రాఫర్ని పిలిపించుకున్నారు. తమ చెరువు ఎంత, గట్టు ఎంత, ఏ రోజు కొట్టారు అన్నది వీడియోగా దగ్గర ఉండాలని వాళ్ల ఆలోచన. రేపు ఏ ఆఫీసులోనైనా, ఏ వకీలు దగ్గరైనా చూపించుకోవచ్చు. రెండో కెమెరాకి మనిషి లేక నన్ను వెంట తీసుకెళ్లాడు. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టి, గట్ల మీదుగా బండి మీద, చివర తాటిదోనెలో. పొక్లెయిన్ గట్టుని మొదట పైపైన గీకింది. రెండోసారి లోతుగా తవ్వింది. నీళ్లు ముందు సన్నగా జారాయి. తరవాత మట్టి పెళ్లలు వాటంతటవే విరిగి పడటం మొదలైంది, ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతూ గండిలోంచి దూకాయి. నీళ్లతోపాటు శీలావతులూ బొచ్చెలూ కొట్టుకుపోతుంటే పిల్లలు వలలు పట్టుకుని దిగారు. వాళ్ల తాత గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను కెమెరా ఆయన మీదికి తిప్పాను. ఆయన చేత్తో వద్దనలేదు, అటు చూడనూ లేదు.

క్యాసెట్లు పవర్‌పేట తెచ్చాక గురువుగారు ఎప్పుడూ అడిగే మూడు ప్రశ్నలే అడిగారు. ఎవరు చూస్తారు? ఒక అధికారి, ఒక వకీలు. ఎక్కడ? ఆఫీసులో. దేని మీద? కంప్యూటర్ కావచ్చు, టీవీ కావచ్చు. అయితే పాట వద్దు, స్లో మోషన్ వద్దు, డిజాల్వులు వద్దు. కోసిన చోటల్లా కోసినట్టు తెలియాలి. ఆ పైన తేదీ. డీవీ క్యాసెట్టు మీద తేదీ, సమయం బొమ్మ మీద రాసి ఉండవు, బొమ్మ పక్కన విడిగా దాగి ఉంటాయి. ఫైర్‌వైర్ తీగతో ఎక్కిస్తే మామూలుగా తెర మీద కనపడవు, ఎంపెగ్‌గా రెండర్ చేశాక ఆ సమాచారం పూర్తిగా పోతుంది. ఆయన కెమెరాలో డేటా కోడ్ ఆన్ చేయించి, ఎస్-వీడియో తీగలోంచి మళ్లీ ఎక్కించారు. ఆ దారిలో బొమ్మ నాణ్యత ఓ పిసరు తగ్గుతుంది. దానికి బదులు ప్రతి ఫ్రేము మీదా తేదీ, గంట, నిమిషం, సెకను తెల్లగా పడ్డాయి.

ఊరివాళ్లు మొత్తం ఒక్క డిస్కులో కావాలన్నారు. నకళ్లు తీయించుకోవడానికి ఖర్చు తక్కువ. గురువుగారు ఒప్పుకోలేదు. "గండిలో నీళ్లు చూశారు కదండీ. మూడు గంటలు ఒక్క డిస్కులో కుక్కితే ఆ నీళ్లన్నీ గళ్లయిపోతాయి. గట్టు ఎక్కడ ఆగింది, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయి తెలీదు. గండి ఎన్ని గజాలో ఆఫీసరుగారికి ఏం చూపిస్తారు?" అన్నారు. నీళ్లంత గడ్డు పరీక్ష ఎన్‌కోడర్‌కి మరొకటి లేదు. గుర్రపుడెక్క మీద గాలి వీచినా, కిక్కిస ఊగినా అంతే, ప్రతి చుక్కా కదులుతుంది. పెళ్లికి 5 మెగాబిట్లు చాలిన చోట కొల్లేటికి 8 ఇచ్చినా ఇంకా అడుగుతుంది. గంటకి ఒక డిస్కు చొప్పున విడగొట్టి, స్థిరమైన 8 మెగాబిట్లతో రెండర్ చేశాం. అదనపు డిస్కులకి ఆయన డబ్బు తీసుకోలేదు. క్యాసెట్లు కూడా ఊరివాళ్లకే ఇచ్చెయ్యమని వీడియోగ్రాఫర్ని ఒప్పించారు. ఆ వీడియో ఎవరికి ఎంత పనికొచ్చిందో ఆ ఊరివాళ్లే చెప్పాలి. ఈ పనిలో నేను చూసిన మేలైన రెండర్ మాత్రం అదే.

తర్వాత కొన్నేళ్లకి నేను తాడేపల్లిగూడెం వెళ్లాను. ఉల్లిపాయల మార్కెట్టుతో కళకళలాడే ఊరు, చుట్టూ పచ్చటి పల్లెలు, కళ్యాణ మండపాలు ఏ ముహూర్తానికీ ఖాళీ ఉండవు. అప్పుడే స్టిల్ కెమెరాతో వీడియో తీయడం మొదలైంది. కెనాన్ 5డీ మార్క్ 2 చేతికి రాగానే కుర్రాళ్లు మురిసిపోయారు. పెళ్లికూతురి మొహం పదునుగా, వెనకాల దీపాలన్నీ కరిగిపోయి, అచ్చం సినిమా. 2008లో వచ్చిన ఆ కెమెరా మొదట్లో సెకనుకి 30 ఫ్రేములు మాత్రమే తీసేది. పక్కనే రెండో వీడియోగ్రాఫర్ క్యాసెట్ కెమెరాతో 25 తీస్తున్నాడు. రెండూ ఒకే ప్రాజెక్టులోకి రావాలి. 30ని 25లో పెడితే సాఫ్ట్‌వేర్ ప్రతి ఆరింటిలో ఒక ఫ్రేము తీసేస్తుంది. ఆగి ఉన్న మొహానికి ఫరవాలేదు. కెమెరా మండపం ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగితే బొమ్మ ఎగిరెగిరి పడుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ట్యూబులైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకి వందసార్లు హెచ్చి తగ్గుతుంది. షట్టరు యాభయ్యో వంతు తెరిచి ఉంచితే సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు ఒక ఫ్రేములో పడతాయి, అన్ని ఫ్రేములూ ఒకే వెలుగు. అరవయ్యో వంతు పెడితే ఒకటిన్నర దాటి మిగిలిన ముక్క ఏ ఫ్రేములో ఎంత పడుతుందో చెప్పలేం, మండపం గోడలు కొట్టుకుంటూ ఉంటాయి. ఎడిటింగులో దీనికి మందు లేదు. 2010 మార్చిలో కెనాన్ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చి 25, 24 ఫ్రేములు కలిపింది. అప్పటి నుంచి గూడెంలో నా దగ్గరికి పని తెచ్చే ప్రతి కుర్రాడి కెమెరానీ నేనే తీసుకుని మెనూలో పాల్, 25, షట్టరు 50 పెట్టి చేతికిచ్చేవాణ్ణి. అర్ధరాత్రి ముహూర్తానికి కరెంటు పోయి జనరేటర్ మీద నడిస్తే అదీ సరిపోదు. డీజిల్ ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్. వంటల వైపు మోటారు వెయ్యగానే చుట్లు తగ్గుతాయి, దానితో పాటే లైట్లూ. "మండపం లైన్ వేరే జనరేటర్ మీద పెట్టించండి బాబాయ్ గారూ" అని పెళ్లివారిని బతిమాలుకోవడం కూడా సెట్టింగుల్లో భాగమే అని నేను నమ్ముతాను.

ఆ రోజుల్లోనే ఆటపాక వెళ్లడం అలవాటైంది. కైకలూరు పక్కన, చెరువు మధ్యలో ఇనప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుని ఉంటాయి. చలికాలం పొద్దున్నే దోనె నెమ్మదిగా పోతుంటే ముక్కుల చప్పుడు ముందు వినపడుతుంది. గూడబాతు నీటి మీంచి లేచేటప్పుడు రెండు కాళ్లతో నీళ్లని తంతూ కొంత దూరం పరిగెడుతుంది. ఆ పరుగు 25 ఫ్రేముల్లో తీస్తే కాళ్లు మసకే. 50 ఫ్రేముల్లో తీసి 25 ప్రాజెక్టులో పెడితే, ఒక్క ఫ్రేమూ కల్పించకుండా, సరిగ్గా సగం వేగానికి దిగుతుంది. ఒక్కో అడుగు కింద నీరు పళ్లెంలా గుంటపడి మళ్లీ పూడుకోవడం కనపడుతుంది. ఈ ఒక్క దృశ్యం కోసం కెమెరా 1920లోంచి 1280కి దిగినా నాకు బెంగ లేదు. అప్పటి కెమెరాల్లో 50 కావాలంటే బొమ్మ చిన్నది చేసుకోవలసిందే. ఇంకెవరైనా పెద్ద బొమ్మే కావాలంటారు, అదీ తప్పు కాదు. నేను మాత్రం కదలికనే ఎంచుకుంటాను. గూడబాతుని గూడబాతు చేసేది ఆ పరుగే.

ఆ ఫుటేజీని హెచ్.264 లోనే పెట్టి కోస్తే కంప్యూటర్ మొరాయిస్తుంది. ఆ కోడెక్‌లో ఒక ఫ్రేము చూపించాలంటే ముందూ వెనకా ఫ్రేములు లెక్క కట్టుకోవాలి. ఎడియస్ వాళ్ల హెచ్‌క్యూ కోడెక్‌లోకి మార్చుకుంటే ఫైలు ఎన్నో రెట్లు పెరుగుతుంది, కానీ ప్రతి ఫ్రేమూ తనంత తాను నిలబడుతుంది. కోసేది అందులో. దాచేది అందులో. పంపేది మాత్రం హెచ్.264. యూట్యూబు 1080 బొమ్మకి 25 ఫ్రేములైతే 8 మెగాబిట్లు చాలంటుంది. కొల్లేటి నీళ్లున్న వీడియోకి నేను అంతకు రెండింతలకి తక్కువ పెట్టను, ఎందుకంటే వాళ్లు దాన్ని మళ్లీ పిండుతారు. మనం ఇచ్చినదే గళ్లతో ఉంటే ఆ గళ్లనే జాగ్రత్తగా మళ్లీ రాస్తారు.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పనుల్లో పాత డిస్కులు ఎక్కువయ్యాయి. అప్పటి పెళ్లికూతుళ్ల పిల్లలు ఇంజనీరింగుకి వచ్చారు. వీసీడీలు పట్టుకొచ్చి "అంకుల్, దీన్ని ఫోర్‌కే చేసి ఇవ్వండి" అంటారు. వీసీడీలో అడ్డం 352 చుక్కలే అని చెబితే, సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఒక కుటుంబం వాళ్లు బయట ఎక్కడో చేయించి తెచ్చారు. పెళ్లికూతురు కళ్లు తెరిచి చక్కగా ఉంది, జరీ మెరుస్తోంది. వెనక వరసలో నాయనమ్మగారు కూర్చుని ఉన్నారు. అసలు వీసీడీలో ఆవిడ మొహం వేలెడంత కూడా లేదు, కాసిని చుక్కలు. సాఫ్ట్‌వేర్ ఆ చుక్కల్ని తీసేసి సూటి ముక్కు, నున్నటి బుగ్గలతో ఒక మొహం తయారుచేసి పెట్టింది. ఆవిడ కొడుకు తెర దగ్గరికి జరిగి చూసి, "ఈవిడెవరు? మా అమ్మ కాదే" అన్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఆవిడ కదులుతూ ఉన్నది ఇంకెక్కడా లేదు. నేను అసలు డిస్కులోంచి మళ్లీ తీసి, ఉన్నది ఉన్నట్టు పెద్దది చేసి ఇచ్చాను. 4:3 బొమ్మని లాగి వెడల్పు టీవీ నింపమని మనవడు అడిగాడు. అలా లాగితే అందరూ పొట్టిగా, లావుగా అయిపోతారు, నడక కూడా మారిపోతుంది. రెండు పక్కలా నల్ల పట్టీలు ఉంచేశాను. ఆ పెద్దాయన మాత్రం పట్టీల సంగతి ఎత్తలేదు, వెనక వరసే చూస్తూ కూర్చున్నారు.

క్యాసెట్టు మిగిలి ఉన్న ఇళ్ల సంగతి వేరు. దాన్ని ఆడించే కెమెరా దొరికితే చాలు, రెండు ఫీల్డులూ ఉంటాయి, సెకనుకి 50 క్షణాలూ ఉంటాయి. వాటిని 50 పూర్తి ఫ్రేములుగా విప్పితే తలంబ్రాలు గింజ గింజా లేచి పడటం కనపడుతుంది. అప్పుడు టీవీలో కూడా అంత స్పష్టంగా ఎవరూ చూసి ఉండరు. దేనికీ కల్పన అక్కర్లేదు.

వచ్చే మాఘంలో కైకలూరులో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. పెళ్లికూతురి తండ్రి 2006లో గట్టు పోయిన ఊరి మనిషే, ఇప్పుడు ఏలూరులో ఉంటున్నారు. మండపంలో ఎల్ఈడీ గోడ, అమెరికాలో ఉన్న అన్నయ్యకి యూట్యూబు లైవ్, వాట్సాప్‌కి నిలువు ముక్కలు, ఇంట్లో పెద్ద టీవీకి పూర్తి పెళ్లి. నాలుగు చోట్ల, నాలుగు తెరలు. లైవ్ ఊళ్లో ఉండే నెట్టుని బట్టి 4 మెగాబిట్లకి మించి పెట్టను, మధ్యలో ఆగిపోతే అన్నయ్యకి ముహూర్తమే పోతుంది. మిగతాదంతా 25 ఫ్రేములు, తలంబ్రాలకి ఒక కెమెరా 50. కొటేషన్లో చివరి వరసగా, ఎడిట్ చేసిన వీడియోతో పాటు కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్లన్నీ హార్డ్‌డిస్కులో పెళ్లివారికే ఇవ్వబడును, డిస్కు ఖరీదు అదనం అని రాశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ వరస రెండుసార్లు చదివి, "ఆయ్, ఇది ఉంచండి. రెండు డిస్కులు చెయ్యండి, ఒకటి మా అబ్బాయి దగ్గర ఉంటుంది" అని సంతకం పెట్టారు.